ఎండుటాకుల కింద మేకు: కూచి సొరంగాల మీద సాగిన యుద్ధం

1966 జనవరి, వియత్నాం యుద్ధకాలం. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ నగరానికి వాయవ్యంగా ఉన్న కూచి ప్రాంతంలోని హో బో అడవుల్లో అమెరికా సైనికులు తమతో పోరాడుతున్న కమ్యూనిస్టు గెరిల్లాల కోసం గాలిస్తున్నారు. ఎక్కడినుంచో తూటాలు వస్తున్నాయి, పక్కనున్న మనిషి కూలిపోతున్నాడు, కాల్చినవాడు మాత్రం కంటికి ఆనడం లేదు. వెతికి వెతికి అలసిన ఒక సార్జెంటు ఎండుటాకుల మీద కూర్చోబోయి ఒక్క ఉదుటున పైకి లేచాడు. తేలు కుట్టిందో, పాము కాటేసిందో అనుకున్నాడు. ఆకులు తొలగించి చూస్తే గుచ్చుకున్నది ఒక మేకు. ఆ మేకు ఒక చెక్క మూతకు కొట్టి ఉంది. మూత ఎత్తితే, భుజాలు ముడుచుకుంటే తప్ప మనిషి దిగలేనంత ఇరుకైన బిలం కనిపించింది.

ఆపరేషన్ క్రింప్ అని పేరు పెట్టిన ఆ దాడిలో సుమారు ఎనిమిది వేల మంది సైనికులు పాల్గొన్నారు. ఫిరంగులు, హెలికాప్టర్లు, బాంబర్లు వెంట ఉన్నాయి. ఇంత బలగానికి దారి చూపింది ఒక మేకు. బిలంలోకి బ్లోయరుతో పొగ కొట్టిన కొద్దిసేపటికి చుట్టుపక్కల పొదల్లోంచి, చెట్ల మొదళ్లలోంచి పొగ పాయలు పాయలుగా పైకి లేచింది. ఒక్క గొయ్యి అనుకున్నది ఒక ఊరంత ఉందని వాళ్లకు అప్పుడే అర్థమైంది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి గట్ల మీద ఎలుక కలుగుల్లోకి కుండతో గడ్డి పొగ ఊదే యానాదులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. పొగ పెట్టేముందే వాళ్లు గట్టు చుట్టూ తిరిగి మిగతా కన్నాలు ఎక్కడున్నాయో చూసుకుంటారు, వాటిని మట్టితో మూస్తారు. కూచిలో ఆ చుట్టూ తిరగడమే సాధ్యం కాలేదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని కలుగు అది.

ఆ తవ్వకం ఫ్రెంచివారితో యుద్ధం జరిగిన 1940ల్లోనే మొదలైంది. మొదట ఊళ్లలో దాక్కోవడానికి వేసిన చిన్న గుంతలు, తర్వాత ఇంటికీ ఇంటికీ మధ్య దారులు, ఆ తర్వాత ఊరికీ ఊరికీ మధ్య దారులు. 1960ల నడిమికి అన్నీ కలిసి 200 కిలోమీటర్లు దాటిన వలగా తయారయ్యాయి. పలుగు, పార, వెదురు తట్ట తప్ప ఇందులో మరో పనిముట్టు లేదు. పని సాధ్యం చేసింది అక్కడి నేల. ఇనుము కలిసిన ఎర్ర బంకమట్టి అది, లాటరైట్ జాతికి చెందినది. వానాకాలంలో పార సులువుగా దిగుతుంది, ఎండాకాలంలో ఇటుకలా బిగుసుకుంటుంది. గోడలకు దుంగల ఆసరా అవసరం లేదు. దక్షిణాన మెకాంగ్ డెల్టాలో గుంత తవ్వితే కొద్ది అడుగుల్లోనే నీరు ఊరుతుంది. కూచి దానికంటే మెరక కాబట్టి పది మీటర్ల లోతుకు వెళ్లినా చాలాచోట్ల పొడిగానే ఉంటుంది. ఈ నేల లేకపోతే కూచి కథే లేదు.

నేలతో సమానంగా లెక్కపెట్టాల్సింది తవ్వినవాళ్ల తెలివి. ఏ దారీ తిన్నగా సాగదు. కొద్ది గజాలకు ఒక మలుపు ఉంటుంది, కాబట్టి లోపల బాంబు పేలినా ఆ ఊపు మలుపు దగ్గర తగ్గిపోతుంది, తూటా గోడకు తగిలి ఆగిపోతుంది. మూడు అంతస్తుల్లో దారులు ఉన్నచోట్ల ఒక అంతస్తు నుంచి మరోదానికి నేలలోనో కప్పులోనో మూత ఉంటుంది. దాన్ని మూసేస్తే సొరంగం అక్కడితో ముగిసినట్టే కనిపిస్తుంది. కొన్నిచోట్ల దారిని కిందికి వంచి మళ్లీ పైకి లేపి, ఆ వంపులో నీళ్లు నింపారు. వంటింటి సింకు కింద వంపు గొట్టంలో నిలిచిన నీరు మురుగు వాసనను ఇంట్లోకి రానివ్వదు కదా, ఇదీ అదే సూత్రం. విషవాయువైనా పొగైనా నీటి అవతలికి పోలేదు. అటు వెళ్లాలనుకున్న మనిషి మాత్రం ఊపిరి బిగబట్టి మునిగి తేలవచ్చు. వంటపొయ్యి పొగను పొడవాటి కాలువల గుండా నడిపించి, చల్లార్చి, దూరంగా వదిలేవారు. తెల్లవారుజామున మంచులో అది కలిసిపోయేది. ఫ్రెంచి యుద్ధకాలంలో ఈ పొయ్యిని రూపొందించిన సైనిక వంటవాడు హోయాంగ్ కామ్ పేరే దానికి నిలిచిపోయింది.

తవ్విన మట్టిని ఏం చేయాలన్నది అన్నిటికంటే పెద్ద చిక్కు. తాజా మట్టి కుప్ప ఒకటి కనిపిస్తే చాలు, విమానంలోంచి ఫొటో తీసేవాడికి దొరికిపోతారు. ఆ మట్టిని నదిలో కలిపారు, పొలం గట్లకు వేశారు, బాంబులు పడ్డ గుంతల్లో నింపారు. గాలి కోసం వేసిన వెదురు గొట్టాల మూతులను చెదపుట్టల్లో, పొదల్లో దాచారు.

ఇటువంటి వలను కనిపెట్టడానికి అమెరికా సైన్యం తన దగ్గరున్నవన్నీ ప్రయోగించింది. నేల కంపనాలను పట్టే పరికరాలను, అయస్కాంత పరికరాలను పరీక్షించింది. యుద్ధభూమిలో ఏదీ నమ్మదగ్గ ఫలితం ఇవ్వలేదు. దీనికి పరికరాల లోపం ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. మనిషి పాకేంత సన్నని ఖాళీ కొన్ని మీటర్ల లోతులో ఉంటే, పైన నిలబడ్డవాడికి అందే తేడా చాలా స్వల్పం. చెట్టు వేళ్లు, చెదపుట్ట, పాత బాంబు గుంత, పూడిన బావి అన్నీ అటువంటి తేడానే చూపిస్తాయి. తర్వాతి కాలంలో వచ్చిన భూమిలోకి చూసే రాడార్‌కు కూడా తడిసిన బంకమట్టి గోడ లాంటిదే, రేడియో తరంగాలను అది మింగేస్తుంది. అర్ధశతాబ్దం గడిచినా ఈ సమస్య పూర్తిగా తీరకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

జర్మన్ షెపర్డ్ కుక్కలను తెచ్చారు. గెరిల్లాలు గాలి గొట్టాల దగ్గర మిరియాల పొడి చల్లారు. అమెరికన్ల సబ్బుతోనే ఒళ్లు కడుక్కున్నారు. దొరికిన అమెరికన్ యూనిఫారాలను బిలాల దగ్గర పెట్టారు. తనవాళ్ల వాసనే తగిలేసరికి కుక్క ముందుకు సాగిపోయేది.

కొరియాలో కథ వేరుగా నడిచింది, దానితో పోల్చి చూస్తే కూచి చిక్కు మరింత స్పష్టమవుతుంది. ఉత్తర కొరియా సరిహద్దు కింద తవ్విన నాలుగు సొరంగాలను దక్షిణ కొరియా 1974 నుంచి 1990 వరకు ఒక్కొక్కటిగా బయటపెట్టింది. మూడో సొరంగం జాడ కోసం అనుమానమున్న చోట్ల లోతైన బోర్లు వేసి, వాటిలో గొట్టాలు దించి నీళ్లు నింపారు. 1978లో ఒకనాడు కింద జరిగిన పేలుడు తాకిడికి ఒక గొట్టంలోంచి నీళ్లు పైకి చిమ్మాయి. ఇంచుమించు 73 మీటర్ల లోతున ఉన్న ఆ సొరంగం అలా దొరికింది. అక్కడ వెతకాల్సిన గీత ఒక్కటే, అది సరిహద్దు. రాతిని పేల్చకుండా తవ్వడం కుదరదు, పేలిస్తే చప్పుడు తప్పదు. కూచిలో గీత లేదు, రాయి లేదు, చప్పుడూ లేదు. మెత్తని మట్టిలో రాత్రిపూట పార దిగే శబ్దం ఎవరికి వినిపిస్తుంది?

మరి కూచిలో దొరికినవి ఎలా దొరికాయి? చాలావరకు మనుషుల వల్లే. పట్టుబడినవాళ్లు, లొంగిపోయినవాళ్లు చూపించిన బిలాలు కొన్ని. మామూలు చూపుకు ఆనని గుర్తులను చదవడం నేర్చుకున్న సైనికులు పట్టినవి మరికొన్ని: ఎటూ వెళ్లకుండా హఠాత్తుగా ఆగిపోయే కాలిబాట, మనుషులు లేని చోట వంట వాసన, చుట్టుపక్కల ఆకుల కంటే కాస్త ఎక్కువ పొందికగా పరుచుకున్న ఆకులు. సొరంగ యుద్ధంలో లోపలి మనిషి పాత్ర ఎంతటిదో గోల్కొండ చరిత్రలోనూ ఉంది. 1687 ముట్టడిలో మొఘలులు కోటగోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు దట్టిస్తే, కోటలోనివారు పసిగట్టి అవతలినుంచి తవ్వుకొచ్చి, మందు తోడేసి, మిగిలినదాన్ని నీళ్లతో తడిపేశారు. నిప్పంటించినప్పుడు రాళ్లు మొఘల్ సైన్యం మీదే వచ్చి పడ్డాయి. నెలల ముట్టడికి లొంగని కోట, చివరకు లోపలివాడొకడు రాత్రివేళ తలుపు తీయడంతో పడిపోయింది.

బిలం దొరికాక ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. మొదట్లో అమెరికన్లు గ్రెనేడ్లు విసిరి, మూతి పేల్చేసి ముందుకు పోయేవారు. క్రింప్ దాడిలో వారితో ఉన్న ఆస్ట్రేలియా ఇంజనీర్లు, కెప్టెన్ శాండీ మెక్‌గ్రెగర్ దళం, వేరే దారి పట్టారు. పేల్చడం మానుకుని లోపలికి దిగారు. దిక్సూచి, తాడు, టెలిఫోను తీగ పట్టుకుని పాకుతూ దారుల పటం గీశారు. ఆయుధాలు, ఆహారంతో పాటు వేలకొద్దీ కాగితాలు బయటికి తెచ్చారు. అది మామూలు దాగుడుగుంత అన్న అభిప్రాయం చెరిగిపోయి, సైగాన్ ప్రాంతపు పోరాటాన్ని నడిపే కార్యాలయమని అర్థమైంది. సొరంగాన్ని పేల్చేస్తే పోయేది మట్టి. చదివితే దొరికేది సమాచారం. ఆ యుద్ధంలో నేర్చుకున్న పాఠాల్లో ఇంత విలువైనది మరొకటి కనిపించదు.

దానికి మూల్యం వెంటనే చెల్లించాల్సి వచ్చింది. 1966 జనవరి 11న ఆ దళానికే చెందిన కార్పొరల్ రాబర్ట్ బౌటెల్ సొరంగంలోని ఇరుకు మూతలో చిక్కుకుని ఊపిరాడక మరణించాడు. గ్యాస్ మాస్కు విషాన్ని వడగడుతుంది, అంతే. లేని ప్రాణవాయువును అది పుట్టించలేదు. పొగ కొట్టిన సొరంగంలోకి మనిషిని పంపడం ఎంత ప్రమాదమో అలా తెలిసింది.

ఆ తర్వాత అమెరికా సైన్యంలో ఈ పనికి ప్రత్యేకంగా మనుషులు తయారయ్యారు. ‘సొరంగపు ఎలుకలు’ అని వాళ్లకు పేరు వచ్చింది. అందరూ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లే, ఎక్కువమంది పొట్టిగా సన్నగా ఉండేవారు. రైఫిలు లోపల తిరగదు కాబట్టి ఒక చేతిలో పిస్తోలు, మరో చేతిలో టార్చి, మొలలో కత్తి. టార్చిని ఒంటికి దూరంగా చాచి పట్టుకోవాలి, ఎందుకంటే వెలుగును గురిచూసి కాలుస్తారు. నేలను, గోడను, కప్పును వేళ్లతో తడుముతూ అంగుళం అంగుళం జరగాలి. తగిలింది వేరు కావచ్చు, గ్రెనేడుకు కట్టిన తీగ కావచ్చు. పైన వెదురు బొంగులో విషసర్పాన్ని ఉంచి, తగిలితే ఊడిపడేలా అమర్చిన చోట్లున్నాయి. పెద్ద పిస్తోలు పేలితే ఆ ఇరుకులో చెవులు దిమ్మెక్కి ఏమీ వినపడదు. చెవులే కళ్లయిన చోట అది గుడ్డితనంతో సమానం. అందుకే చాలామంది చిన్న రివాల్వరు ఎంచుకున్నారు. వరుసగా ఆరు తూటాలూ కాల్చకూడదన్నది వాళ్ల నియమం. మూడు కాల్చి మళ్లీ నింపుకోవాలి. చీకట్లో అవతలివాడు లెక్కపెడుతుంటాడు.

అన్నిటికంటే భయంకరమైన క్షణం తల మీది మూతను ఎత్తడం. ముందు తల వెళ్లాలి, తర్వాత చేతులు. పైనున్నవాడికి అంత కంటే సులువైన గురి ఉండదు. 1966లో ఒక సైనిక ప్రయోగశాల వీళ్ల కోసం ప్రత్యేక సామగ్రి తయారు చేసింది: శబ్దం తగ్గించిన రివాల్వరు, పళ్లతో కొరికితే వెలిగే నుదుటి దీపం, మాట్లాడుకునే పరికరం. సైనికులకు అది నచ్చలేదు. పాకేటప్పుడు జారిపోయేవి, అడ్డుపడేవి. వాళ్లు మళ్లీ టార్చికి, కత్తికే వెళ్లిపోయారు.

ఇక కూల్చడం. ఒక మలుపు దగ్గర మందుగుండు పేలిస్తే ఆ మలుపు కూలుతుంది. పక్కనుంచి కొత్త దారి తవ్వితే వల మళ్లీ కలుస్తుంది. కూల్చేవాడికి టన్నుల కొద్దీ మందుగుండు, దాన్ని మోసుకొచ్చే హెలికాప్టర్లు, కాపలా దళం కావాలి. తవ్వేవాడికి పార, తట్ట, కొన్ని రాత్రులు చాలు. ఎసిటిలీన్ వాయువును లోపలికి పంపి అంటించే పద్ధతిని ప్రయత్నించారు. పైనున్న మట్టి పొర పలుచగా ఉన్నచోట అది పనిచేసింది, లోతైన అంతస్తుల్లో చేతకాలేదు. నీళ్లు పట్టి ముంచడానికి నది దగ్గరుండాలి, పంపులు రోజుల తరబడి ఆడాలి, ఎంత పోసినా మట్టి తాగేస్తుంది. ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు. 2015లో ఈజిప్టు గాజా సరిహద్దు సొరంగాల్లోకి సముద్రపు నీరు వదిలింది. గాజాలో తాము కూడా నీళ్లు పంపామని ఇజ్రాయెల్ సైన్యం 2024 జనవరిలో ప్రకటించింది. రెండుసార్లూ ఆ ఉప్పునీరు తాగునీటి ఊటల్లోకి దిగుతుందన్న ఆందోళన వ్యక్తమైంది. సొరంగం ఎవరిదైనా భూగర్భజలం మీద ఆధారపడేది ఊరంతా.

సీఎస్ బాష్పవాయువును సొరంగాల్లోకి కొట్టడం మరో పద్ధతి. జనాన్ని చెదరగొట్టడానికి వాడే వాయువే కదా అని అమెరికా అప్పట్లో వాదించింది. బహిరంగ వీధిలో గాలికి చెదిరిపోయే వాయువు, తప్పించుకునే చోటులేని బిలంలో మరో రూపం దాలుస్తుంది. 1975లో అమెరికా, యుద్ధంలో విషవాయువుల వాడకాన్ని నిషేధించే 1925 నాటి జెనీవా ప్రోటోకాల్‌ను ఆమోదించి, యుద్ధంలో ఇటువంటి వాయువుల వాడకాన్ని పరిమితం చేసుకుంది. 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందం వీటిని యుద్ధ పద్ధతిగా వాడడాన్ని నిషేధించింది.

బిలాలను ఒక్కొక్కటిగా వెతికి కూల్చడం తెమిలే పని కాదని తేలాక, 1967 జనవరిలో ఆపరేషన్ సీడర్ ఫాల్స్ వచ్చింది. కూచి పక్కనే ‘ఇనుప త్రికోణం’గా పేరుపడ్డ ప్రాంతం మీదికి సుమారు 30 వేల మంది అమెరికన్, దక్షిణ వియత్నాం సైనికులను దించారు. మొదటి లక్ష్యం బెన్ సుక్ గ్రామం. జనవరి 8 ఉదయం 60 హెలికాప్టర్లలో బెటాలియన్ దిగింది. దాని అధిపతి, తర్వాతి కాలంలో అమెరికా విదేశాంగ మంత్రి అయిన అలెగ్జాండర్ హేగ్. బెన్ సుక్‌తో పాటు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంచుమించు ఆరు వేల మందిని తరలించారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. తర్వాత ఇళ్లు కాల్చారు, బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. ఊరి నడుమ పెద్ద గొయ్యి తవ్వి, అందులో నాలుగున్నర టన్నుల మందుగుండు పెట్టి, పూడ్చి పేల్చారు. ఇంకా దొరకని సొరంగాలేమైనా ఉంటే అవి కూడా కూలిపోవాలని.

ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అంటారు. ఇక్కడ తగలబడింది వేరేవాళ్ల ఇల్లు. గెరిల్లాలకు బియ్యం పెట్టినవాళ్లు ఆ ఊళ్లో ఉండవచ్చు. పెట్టనివాళ్లూ ఉన్నారు. నేల కింద ఎవరున్నారో తెలియనప్పుడు నేల పైనున్న అందరినీ ఒకే గాటన కట్టారు. కనిపించని దాన్ని నాశనం చేయాలన్న పట్టుదల, కనిపించేదాన్నంతా నాశనం చేయడంగా మారింది. ఈ వరుస ఇంతకుముందూ ఉంది, ఇకముందూ ఉంటుంది, అందుకే దీని గురించి చెప్పుకోవాల్సి వస్తోంది.

ఫలితం? లెక్కల ప్రకారం ఘనంగానే ఉంది. లక్షల పేజీల పత్రాలు, సుమారు 19 కిలోమీటర్ల సొరంగాలు, బియ్యం నిల్వలు దొరికాయి. ఆ దాడిలో పాల్గొన్న ఫస్ట్ డివిజన్ సహాయ కమాండర్ బెర్నార్డ్ రోజర్స్ తర్వాత తానే రాశాడు: దాడి ముగిసిన రెండు రోజులకే హెలికాప్టర్‌లోంచి చూస్తే, గెరిల్లాల్లా కనిపించే మనుషులు ఇనుప త్రికోణంలో సైకిళ్ల మీద తిరుగుతున్నారు. ఏడాది తర్వాత, 1968లో వియత్నామీయుల కొత్త సంవత్సర పండుగ టెట్ వేళ సైగాన్ మీద జరిగిన దాడికి కూచి సొరంగాలు ఆధారమయ్యాయి.

లోపలున్నవారి జీవితాన్ని వీరగాథగా మార్చేయడమూ సరికాదు. పగలంతా చీకట్లో, ఉక్కలో, చెమట వాసనలో పడుకుని రాత్రి మాత్రమే పైకి వచ్చే బతుకు అది. బాంబుల వాన కురిసినప్పుడు రోజుల తరబడి పైకి రాలేకపోయేవారు. యుద్ధ గాయాల తర్వాత వాళ్లను ఎక్కువగా బలిగొన్నది మలేరియా. ఒక దళంలో సగం మందికి మలేరియా, దాదాపు అందరికీ కడుపులో పురుగులు ఉన్నాయని అమెరికన్లకు చిక్కిన ఒక నివేదిక చెప్పింది. బతికి బయటపడినవాళ్ల కంటే మట్టిలో కలిసిపోయినవాళ్లే ఎక్కువని కూచివాళ్లు చెబుతారు.

చివరకు ఆ సొరంగాల్లో చాలా భాగాన్ని కూల్చింది బీ-52 బాంబర్లే. టెట్ తర్వాత, 1969, 1970ల్లో కూచి మీద వరుసగా బాంబులు కురిశాయి. లోతైన దారులు కూడా కుంగిపోయాయి. అప్పటికి అడవి లేదు, రబ్బరు తోటలు లేవు, మిగిలింది గుంతలు పడ్డ ఎర్రమట్టి. ఆనాటికి అమెరికా తన సైన్యాన్ని వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. నేల కింది వల తెగింది. దాని పైన గెలుచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సొరంగంలో ఎవరున్నారో పైనుంచి తెలియదన్న మాట సైనిక చర్చల్లో సాంకేతిక సమస్యగానే వినిపిస్తుంది. అఫ్ఘానిస్తాన్‌లోని లోగర్ రాష్ట్రంలో 1982 సెప్టెంబరులో పద్‌ఖ్వాబ్-ఎ-షానా గ్రామస్థులు సోవియట్ సైన్యానికి భయపడి తమ పొలాలకు నీళ్లు పారే కారేజ్ కాలువలో దాక్కున్నారు. అది కూడా సొరంగమే. సైనికులు అందులోకి ఇంధనం పోసి నిప్పుపెట్టారు. 105 మంది కాలిపోయారు.

వియత్నాంలోనే, ఉత్తర, దక్షిణ వియత్నాంల మధ్య అప్పటి సరిహద్దుకు కాస్త ఉత్తరాన సముద్రం ఒడ్డున విన్ మోక్ అనే ఊరు ఉంది. నిత్యం బాంబులు పడుతుంటే ఊరివాళ్లు 1960ల నడుమ నుంచి నేల కిందికి దిగిపోయారు. మూడు అంతస్తుల్లో తవ్వుకున్న ఆ సొరంగాల్లో కుటుంబానికొక చిన్న అర ఉండేది, నడుమ బావి, అందరూ కూడే గది, ప్రసవాలకు వేరే గది. 1972 దాకా అక్కడే బతికారు. ఆ చీకట్లో 17 మంది పిల్లలు పుట్టారు. విమానంలోంచి చూసేవాడికి విన్ మోక్ బిలం మూతికీ, కూచి బిలం మూతికీ తేడా కనిపించే వీలు లేదు.